నోటీసు ఇచ్చి 140 ఏళ్లు, ఇంతవరకు ఒక్కరినీ కాల్చలేదు

చట్టాన్ని గౌరవించే మనిషిని కాబట్టి సూటిగా చెప్తున్నాను. హకల్‌బెరీ ఫిన్ నవల విషయంలో పాఠకులు చేస్తున్నది శిక్షార్హమైన నేరం. అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్ 1884లోనే, కథ మొదలవకముందే, పుస్తకం ముందు నోటీసు అంటించాడు. ఇందులో ఉద్దేశం వెతికేవాళ్ల మీద కేసు పెట్టబడును, నీతి వెతికేవాళ్లని వెళ్లగొట్టబడును, కథకి ప్లాటు వెతికేవాళ్లని కాల్చిపారేయబడును అని. కింద సంతకం కూడా ఉంది, రచయిత ఆజ్ఞ మేరకు, ఆయుధాల అధికారి జి.జి. అని. ఇంత స్పష్టంగా చెప్పాక కూడా మన వీధి చివర "ఇక్కడ చెత్త వేయరాదు" బోర్డు కిందే కుప్ప పోసినట్టు, ఆ నోటీసు కిందే 140 ఏళ్లుగా జనం ఉద్దేశాలూ నీతులూ బస్తాలకొద్దీ తెచ్చి పోస్తున్నారు.

అమలు చేసే నాథుడు లేక నోటీసు పరువు పోతోంది కాబట్టి ఆ బాధ్యత నేనే నెత్తినేసుకున్నాను. ఎవరూ అడగలేదు, అయినా పర్వాలేదు.

కథ చెప్తే ముందు నన్నే కాల్చాలి, అందుకే క్లుప్తంగా. తాగుబోతు తండ్రి దగ్గర్నుంచి పారిపోయిన పదమూడు, పద్నాలుగేళ్ల తెల్ల కుర్రాడు హక్. యజమానురాలు తనని న్యూ ఆర్లీన్స్‌కి అమ్మేయబోతోందని విని పారిపోయిన బానిస జిమ్. ఇద్దరూ ఒక తెప్ప మీద మిసిసిపీ నదిలో కిందికి పోతుంటారు. కైరో అనే ఊరి దగ్గర ఒహాయో నది కలుస్తుంది, అక్కడ తిరిగితే బానిసత్వం లేని రాష్ట్రాలు. పొగమంచులో ఆ ఊరు దాటిపోతుంది. ఇంకేముంది, స్వేచ్ఛ కోసం బయల్దేరినవాడు బానిసత్వం ఇంకా గట్టిగా ఉన్న దక్షిణం వైపే కొట్టుకుపోతుంటాడు. మధ్యలో రాజునని ఒకడు, డ్యూకునని ఒకడు, ఇద్దరు దొంగలు తెప్పెక్కి ఆ తెప్పకే ఓనర్లయిపోతారు.

ఇక ముద్దాయిల సంగతి. అమెరికాలో పుస్తకం వచ్చి నెలయిందో లేదో, 1885 మార్చిలో మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ పబ్లిక్ లైబ్రరీ కమిటీవాళ్లు దీన్ని అల్మారాలోంచి తీసేశారు. మొరటుగా ఉందట, మర్యాదస్తులకు తగదట, మురికివాడలకైతే సరిపోతుందట. ఒక్క మాటలో, చెత్త. ఆ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనుంది. కాంకర్డ్ అంటే ఎవరిదనుకున్నారు? బానిసత్వాన్ని సమర్థించే ప్రభుత్వానికి పన్ను కట్టనని 1846లో ఒక రాత్రి జైల్లో పడుకున్న రచయిత థోరో ఊరు. బానిసత్వానికి సాయపడను అని ఊళ్లో పెద్దమనిషి జైలుకి పోతే విగ్రహం లెవెల్లో పెట్టుకున్నారు, నవల్లో ఒక కుర్రాడు అదే కారణానికి నరకానికి పోతానంటే మాత్రం బాస బాగోలేదన్నారు. జైలైతే పద్ధతిగా ఉంటుంది కాబోలు. ట్వేన్ మాత్రం ఇసుమంత బాధపడలేదు. వాళ్ల పుణ్యమా అని ఇంకో 25,000 కాపీలు ఖాయం అని తన పబ్లిషర్‌కి ఉత్తరం రాశాడు. ఆ పబ్లిషింగ్ కంపెనీ కూడా ఆయనదే. నిషేధించండి బాబూ నిషేధించండి అని దండం పెట్టే విద్య ఇప్పుడు మన సినిమావాళ్లు కనిపెట్టింది కాదన్నమాట.

కాంకర్డ్ వాళ్లని క్షమించొచ్చేమో గానీ బ్రూక్లిన్ వాళ్లని వదిలే ప్రశ్నే లేదు. 1905లో అక్కడి లైబ్రరీలో పిల్లల విభాగం చూసే ఆవిడకు రెండు అభ్యంతరాలు వచ్చాయి. ఒకటి, హక్‌కి దురద పుడుతుంది, పుడితే పుట్టింది, గోక్కుంటాడు కూడా. రెండు, స్వేదం అనాల్సిన చోట చెమట అంటాడు. నిజంగానే. మనిషిని అమ్మేశారు, కొన్నారు, గొలుసు వేసి కట్టారు, వేటకుక్కల్ని తోలారు, ఆవిడకి గుచ్చుకున్నది మాత్రం చెమట. తెలుగువాళ్లం దీనికి నవ్వే ముందు కొంచెం ఆగాలి. అటుపైన కొన్నేళ్లకే ఇక్కడ గిడుగు రామమూర్తి పంతులుగారు జనం మాట్లాడే తెలుగులో రాస్తే తప్పేంటని అడిగినందుకు పండితులు ఆయన మీద పడలేదూ. ఆ బ్రూక్లిన్ ఆవిడని మన పండితుల పరిషత్తులో కూర్చోబెడితే రెండో వరసలో సుఖంగా ఇమిడిపోయేది. పైగా ట్వేన్ ముందే ఇంకో గమనిక కూడా పెట్టాడు, ఇందులో ఏడు రకాల యాసలు వాడాను, ఇది చెప్పకపోతే పాత్రలన్నీ ఒకేలా మాట్లాడాలని చూసి చేతకాక తప్పుతున్నాయని అనుకుంటారేమో అని. గోదావరి యాస, తెలంగాణ యాస ఒకే పేజీలో కనపడితే "భాష కుదరలేదు" అని తీర్పిచ్చే విజ్ఞులకి ఆ గమనికని ఫ్రేము కట్టి పంపాలని ఉంది.

తర్వాత పెద్ద తలకాయలు రంగంలోకి దిగాయి. 1935లో హెమింగ్వే ఆధునిక అమెరికన్ సాహిత్యమంతా ఈ ఒక్క పుస్తకంలోంచే వచ్చిందన్నాడు. అంత పొగిడి వెంటనే ఒక షరతు పెట్టాడు, కుర్రాళ్ల దగ్గర్నుంచి జిమ్‌ని ఎత్తుకెళ్లిన చోట చదవడం ఆపేయాలి, మిగతాదంతా మోసం అని. ఇక్కడ నాకో చిన్న సందేహం. కుర్రాళ్లు ఎవరు సార్? ఆ సమయానికి ఉన్నది హక్ ఒక్కడే. హక్ స్నేహితుడు టామ్ సాయర్ ఇంకా కథలోకి తిరిగి రానేలేదు. సరే, అంత పెద్ద రచయిత, ఒకటీ రెండూ లెక్క తప్పితే ఏమైంది అనుకుందాం. ఆయన మాట విని నిజంగానే అక్కడ పుస్తకం మూసేస్తే ఏమవుతుందో చూడండి. ఆ దొంగ రాజు జిమ్‌ని నలభై డాలర్లకి అమ్మేశాడని తెలిశాక, అదే 31వ అధ్యాయంలో, హక్ యజమానురాలికి ఉత్తరం రాస్తాడు, మీ బానిస ఫలానా చోట ఉన్నాడని. రాశాక ప్రాణం తేలికపడుతుంది, పాపం కడిగేసుకున్నట్టు ఉంటుంది. అంతలో తెప్ప మీద రాత్రులు గుర్తొస్తాయి. కాగితం చేతిలో పట్టుకుని వణుకుతాడు. సరే, అయితే నరకానికే పోతాను అని చింపేస్తాడు. వాడికి అది నిజమైన నరకం, ప్రవచనంలో విన్న నరకం, అందులో కాలుతానని నమ్ముతూనే చింపుతాడు. హెమింగ్వే చెప్పినట్టు ఆపితే ఆ పేజీ మనకి దక్కదు. పెళ్లికి పిలిచి తాళి కట్టకముందే బస్సెక్కించినట్టు.

చివరి భాగం మోసం అన్నమాట మాత్రం నేను కొట్టిపారేయలేను. టామ్ వస్తాడు, ఇంకో పది అధ్యాయాలు సర్కస్ నడుపుతాడు. జిమ్‌ని బంధించిన గుడిసెలోంచి అతన్ని విడిపించడం నిమిషాల పని, మంచం కోడు ఎత్తితే గొలుసు ఊడొస్తుంది. అయినా టామ్ చదివిన సాహస కథల ప్రకారం ఖైదీ అంటే ఎలకలుండాలి, పాములుండాలి, చొక్కా మీద రక్తంతో డైరీ రాయాలి (జిమ్‌కి రాయడం రాదు), ఒక మొక్కని కన్నీళ్లతో తడపాలి. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. ఆఖర్న తెలిసేదేంటంటే యజమానురాలు రెండు నెలల క్రితమే చనిపోతూ జిమ్‌కి విడుదల రాసిచ్చింది, టామ్‌కి ఆ సంగతి మొదట్నుంచీ తెలుసు. చచ్చిన పామునే పది అధ్యాయాలు కొట్టాడు. దీన్ని 1950లో కవి టి.ఎస్. ఎలియట్ గారు సమర్థించారు, కథ మొదలైన ధోరణికే తిరిగి చేరడం సరైనదే అని. నది ఒక దేవుడు అని కూడా అన్నారు. దేవుడు సరే, గుడిసెలో పాముల మధ్య ఉన్నవాడి సంగతేంటని 1953లో లియో మార్క్స్ అడిగాడు, ఇంత గట్టిగా కాదు, ప్రొఫెసర్లు అడిగే పద్ధతిలో. 1996లో నవలా రచయిత్రి జేన్ స్మైలీ ఇంకో మెట్టెక్కింది. హక్ మనసులో జిమ్ అంటే ప్రేముంటే చాలా, ఆ ప్రేమ జిమ్‌కి ఏ పనికొచ్చింది అని. చాలామందికి కోపం వచ్చింది. నాకూ వచ్చింది, రెండ్రోజులుంది, తర్వాత ఆవిడ అడిగినదానికి సమాధానం దొరక్క తగ్గిపోయింది.

ఈ టామ్ ఎపిసోడ్‌లో ఒక చిన్న ముక్కుంది, పాఠకులందరి మీదా చార్జిషీటు రాయాలంటే అదొక్కటి చాలు. టామ్‌కి ఒక సానరాయి కావాల్సొస్తుంది, జిమ్ దాని మీద ఖైదీ రాతలు చెక్కాలి కదా. పిల్లలిద్దరూ దొర్లించలేకపోతారు. సగం దారిలో ఆగి, గుడిసెకి వెళ్లి, జిమ్‌నే పిలుచుకొస్తారు. జిమ్ మంచం ఎత్తి, గొలుసు తీసి మెడకి చుట్టుకుని, బయటికొచ్చి, హక్‌తో కలిసి సునాయాసంగా ఆ రాయి దొర్లించుకుంటూ గుడిసెలోకి తెస్తాడు. తెచ్చాక అతన్ని మళ్లీ మంచానికే బిగిస్తారు. 140 ఏళ్ల అభిప్రాయాలు చదివితే నాకు అదే కనిపిస్తోంది. ఒకాయన అమెరికన్ సాహిత్యం ఎక్కడ పుట్టిందో చెప్పాలి, జిమ్‌ని బయటికి పిలిచి రాయి దొర్లించుకున్నాడు. ఇంకొకాయనకి నిర్మాణం మీద థియరీ ఉంది, జిమ్ రావాలి. తెప్ప మీద అది స్నేహమా ప్రేమా అని 1948లో విమర్శకుడు లెస్లీ ఫీడ్లర్ ఒక వ్యాసం రాసి గొడవ లేపాడు, దానికీ జిమ్ ఉండాలి. పనయ్యాక గుడిసెలోకి.

ఒక్క దగ్గర మాత్రం నా లాఠీ కింద పెట్టేస్తాను. ఈ పుస్తకంలో నల్లవాళ్లని తిట్టే ఆ మాట రెండొందల సార్లకు పైనే వస్తుంది. 1982లో వర్జీనియాలో, పేరులోనే మార్క్ ట్వేన్ ఉన్న ఒక స్కూల్లో, ఒక నల్లజాతి అధికారి ఇది జాత్యహంకార చెత్త అని, దీన్ని పాఠంగా పెట్టొద్దని అన్నాడు. వ్యంగ్యం తెలియని మనిషని ఆయన్ని నవ్వారు. క్లాసులో ఉన్న ఒక్క నల్లపిల్ల ముందు ఆ మాట బయటికి చదువుతుంటే మిగతా ముప్పై తలలు ఆ పిల్ల వైపు తిరుగుతాయి, అది వ్యంగ్యంతో ఆగేది కాదు. కులం పేరునే తిట్టుగా వాడే ఊళ్లలో చదువుకున్నవాళ్లకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు. 2011లో అలబామా ప్రొఫెసర్ ఒకాయన పరిష్కారం కనిపెట్టాడు, ఆ మాట తీసేసి 219 చోట్ల "బానిస" అని పెట్టి కొత్త ఎడిషన్ తెచ్చాడు. ఉద్దేశం మంచిదే. మాట మార్చినా గొలుసు అలాగే ఉంది, అంతే తేడా.

అసలు జిమ్‌ని అడుగుదాం అని ఒకాయనకి తట్టడానికి 2024 దాకా పట్టింది. పెర్సివల్ ఎవరెట్ ఇదే కథని జిమ్ నోటితో రాశాడు, జేమ్స్ అనే పేరుతో. అందులో అతను తనవాళ్ల మధ్య చక్కటి భాష మాట్లాడతాడు, తెల్లవాళ్లు వస్తే చాలు మనం పాత పుస్తకంలో విన్న ఆ యాసలోకి దిగిపోతాడు, ప్రాణం దక్కాలి కాబట్టి. నేషనల్ బుక్ అవార్డు, మరుసటేడు పులిట్జర్ వచ్చాయి. అప్పుడు కూడా కొందరు పాఠకులకి అభ్యంతరమే, జిమ్ అంత తెలివిగా ఉంటే సహజంగా లేదని.

ఇక నా కేసు. తీర్పులిచ్చేవాడు ముందు తన ఇల్లు సోదా చేయించుకోవాలి కదా. నేను దీన్ని మొదట చదివింది నండూరి రామమోహనరావుగారి తెలుగులో, వేసవి సెలవుల్లో, మామిడికాయ ముక్కా ఉప్పూకారంతో. నాకప్పుడు అన్నిటికంటే నచ్చింది ఆ చివరి పది అధ్యాయాలే. జిమ్ గుడిసెలో పాములు తిరుగుతుంటే పడీ పడీ నవ్వాను. మా అన్నయ్యని పిలిచి మరీ చదివి వినిపించాను. ఎలియట్ గారికి ఒక నోబెల్ ఉంది, నాకు అదీ లేదు. పైగా చందమామ చదివి పెరిగిన ప్రాణం, పుస్తకం అయిపోగానే ఇందులో నీతి ఏంట్రా అని వెతికాను కూడా. దొరకలేదు. హక్ అబద్ధాలాడతాడు, దొంగతనం చేస్తాడు, చదువు వద్దంటాడు, చివరికి మంచివాడు అవుతాడా అంటే నాగరికత నా వల్ల కాదని మళ్లీ పారిపోతాననే అంటాడు. మార్కులు వేయడం కష్టం.

పెద్దయ్యాక మళ్లీ చదివితే ఆగిపోయింది 15వ అధ్యాయం దగ్గర. పొగమంచులో ఇద్దరూ విడిపోయి, రాత్రంతా జిమ్ అరిచి అరిచి, హక్ పోయాడనుకుని గుండె పగిలి నిద్రపోతాడు. హక్ మెల్లగా తెప్పెక్కి, నేనెక్కడికీ పోలేదే, నువ్వు కలగన్నావు అని ఆట పట్టిస్తాడు. జిమ్ నమ్ముతాడు, ఆ కలకి అర్థాలు కూడా చెప్తాడు. అప్పుడు హక్ తెప్ప మీద పడి ఉన్న ఆకులూ విరిగిన తెడ్డూ చూపించి, మరి వీటికి అర్థమేంటో చెప్పు అంటాడు. జిమ్ వాటి వైపు, వీడి వైపు చూసి చెప్తాడు. అదంతా చెత్త, స్నేహితుడి నెత్తిన దుమ్ము పోసి అతను సిగ్గుపడేలా చేసేవాళ్లూ చెత్తే అని. లేచి లోపలికి పోతాడు. హక్‌కి వెళ్లి క్షమించమని అడగడానికి పదిహేను నిమిషాలు పడుతుంది. కాంకర్డ్ కమిటీ ఏ మాట అందో, 1982లో ఆ అధికారి ఏ మాట అన్నాడో, ఆ మాటకి అర్థం జిమ్ ముందే చెప్పి పెట్టాడు. జిమ్ అభిప్రాయం పుస్తకంలోనే ఉంది, ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

నీతి పట్టుబడింది, నువ్వూ ముద్దాయివే అంటారేమో. నేను చెప్పలేదండీ, జిమ్ చెప్పాడు. కాదూ కూడదంటే నాది వెళ్లగొట్టే సెక్షన్ కిందికే వస్తుంది, కాల్చే సెక్షన్ కిందికి రాదు, అది జి.జి. గారు గమనించాలి. పెట్టె సర్దుకున్నాను. నది మీదే పంపేట్టయితే కైరో వచ్చినప్పుడు ఎవరైనా లేపండి. ఆ పని జిమ్‌కి అప్పజెప్పొద్దు, అతను లేపడు. హక్ నిద్రపోతుంటే లేపకుండా వాడి వంతు కాపలా కూడా చాలాసార్లు తనే కాసేవాడు.