ఎత్తినందుకు కాదు, దించినందుకు డబ్బులియ్యండి

సెప్టిక్ ట్యాంక్ నిండిందంటే కర్నూల్లో అందరం చేసే పని ఒకటే, గోడ మీదనో కరెంట్ స్తంభం మీదనో రాసున్న నంబర్‌కి ఫోన్ కొడతాం, ట్యాంకర్ వస్తుంది, పైపు దించి మోటార్ ఆన్ చేసి లాగేస్తారు, చేతిలో డబ్బులు పెడతాం, అయిపాయ. ఆ బండి తర్వాత ఎటు పోయిందో అడిగేవాళ్ళు లేరు, అడిగినా "యాడో ఊరి బయట పోస్తాంలే అన్నా" అంటారు. ఆ యాడో అనేది చానాసార్లు ఒక వంక, లేదంటే హంద్రీ నది గట్టు, కాకుంటే ఎవరిదో బీడు చేను.

డ్రైవర్‌ని తిట్టి లాభం లేదు అనేది మా అభిప్రాయం. ఆయన లెక్క ఆయనకుంది. ట్రిప్పుకింత అని వస్తుంది, డీజిల్ ఖర్చు అందులోంచే పోవాల, ట్రీట్‌మెంట్ ప్లాంట్ దాకా పోయి గేటు కాడ నిలబడి లోడు దించి వచ్చేలోపు ఇంకో గిరాకీ పోతుంది, దగ్గర్లోని వంకలో వాల్వు తిప్పేస్తే ఏ ఖర్చూ లేదు. డబ్బులు ఎత్తినందుకు వస్తున్నాయి గానీ దించినందుకు రావట్లే, అట్లాంటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు?

న్యూయార్క్ సంగతి చూద్దాం, అంత పెద్ద ఊరితో మనకేం పోలిక అనొద్దు, వాళ్ళు కూడా చేసింది ఇదే. 1924 నుంచి మురుగునీళ్ళు శుద్ధి చేసినాక మిగిలిన బురదను పడవల్లో నింపుకొని తీరానికి 12 మైళ్ళ దూరంలో సముద్రంలో పోశారు, గొడవలు ముదిరాక 1980ల్లో ఆ చోటు మార్చి 106 మైళ్ళ అవతల పోశారు (దూరంగా పోస్తే తప్పు తగ్గిపోతుందని ప్రతి ఊరూ అనుకుంటుంది), 1988లో అమెరికా చట్టమే చేసి ఆపమనింది, 1992 జూన్‌లో ఆపారు. తర్వాత కొన్నేళ్ళు రైళ్ళలో ఎక్కించి టెక్సస్ ఎడారిలోని ఒక చిన్న ఊరి పక్కన భూముల్లో చల్లించారు, ఆ ఊరోళ్ళు చానామంది మొత్తుకున్నారు.

ఇప్పుడు వాళ్ళకు 14 ప్లాంట్లున్నాయి, రోజుకు సుమారు 490 కోట్ల లీటర్ల మురుగునీళ్ళు శుద్ధి చేస్తాయి. బురదలోంచి నీళ్ళు పిండేసి గట్టిగా చేసే మెషీన్లు మాత్రం కొన్ని ప్లాంట్లలోనే ఉన్నాయి, మిగతా చోట్ల వచ్చిన పల్చటి బురదను సిటీ సొంత పడవలు మోసుకొచ్చి ఆ మెషీన్లున్న కాడికి చేరుస్తాయి, 2014లో మూడు కొత్త పడవలు కూడా దించారు. పిండినాక మిగిలింది లారీలెక్కుతుంది. అసలు కిటుకు ఇక్కడుంది, పల్చటి బురదలో నూటికి 95 పైన నీళ్ళే, దాన్ని రోడ్డు మీద మోయడమంటే డీజిల్ కాల్చి నీళ్ళు మోయడమే, పిండితే ఒక పావు వంతు దాకా గట్టిపదార్థం ఉంటుంది, లారీల సంఖ్య ఎంత పడిపోతుందో చెప్పాల్సిన పనిలేదు.

మనకు పడవలు నడిచే రేవు లేదు, హంద్రీలో ఎండాకాలం మోకాలి లోతు నీళ్ళుంటే గొప్ప. కానీ అదే హంద్రీ ఊరిని రెండుగా చీల్చింది, ఒక పక్క పాతబస్తీ, ఇంకో పక్క కల్లూరు, ట్రాఫిక్‌లో బ్రిడ్జి దాటి రమ్మంటే ఏ ట్యాంకరూ రాదు. అందుకే నదికి రెండు వైపులా దించే చోట్లు కావాల, అక్కడే బురద ఎండబెట్టే మడులైనా, నీళ్ళు పిండే చిన్న యూనిట్టయినా పెడితే దూరం పోయేది ఎండిన సరుకు మాత్రమే. బెంగళూరు పక్కన దేవనహళ్ళిలో 2015 నుంచి ఇట్లాంటి ప్లాంట్ ఉంది, ఎండిన బురదను చెత్తతో కలిపి కంపోస్ట్ చేసి రైతులకిస్తున్నారు, మన దగ్గర కొందరు పచ్చి బురదనే చేన్లో పోయించుకుంటారే, అది మాత్రం వద్దు, నులిపురుగుల గుడ్లు అందులో నెలల తరబడి బతికే ఉంటాయి.

ఇంక డబ్బుల సంగతి. ఇంటాయనకు ఒకటి, డ్రైవర్‌కు ఒకటి, ప్లాంటోళ్ళకు ఒకటి, మూడు కాపీల రసీదు పెట్టి, ప్లాంట్‌లో సంతకం పడ్డాకే ట్యాంకర్‌కు డబ్బులు పోయేట్టు చేయాల. మహారాష్ట్రలో సతారా జిల్లా వాయి పట్టణంలో ఇంకో అడుగు ముందుకేశారు, ఫోన్ చేస్తే వచ్చేది కాకుండా వీధి వెంబడి వరసగా మూడేళ్ళకోసారి ప్రతి ట్యాంకూ ఖాళీ చేస్తారు, ఖర్చు పన్నులోంచి పోతుంది. ఎట్లా చూసినా రెండు మూడేళ్ళకోసారి తీయాలనేది నిపుణుల మాటే, మనం మాత్రం పొంగి వాకిట్లోకి వచ్చేదాకా కదలం.

రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా సెప్టిక్ ట్యాంక్ గుంతలోకి మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం, చనిపోతే 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ట్యాంకర్ లైసెన్స్ ఇచ్చేటప్పుడే ఈ షరతు రాయించుకోవాల, పైపుకు అందని గడ్డను గీకడానికి ఎవర్నో దించే అలవాటు అప్పుడే ఆగుతుంది.

ఇదంతా కర్నూలోళ్ళ గొడవే అనుకునేవాళ్ళకు ఒక మాట. ఇక్కడ హంద్రీలో పోసింది తుంగభద్రలో కలుస్తుంది, తుంగభద్ర కృష్ణలో కలిసి శ్రీశైలం రిజర్వాయర్ చేరుతుంది, మాల్యాల కాడ హంద్రీ-నీవా మోటార్లు అనంతపురం వైపు ఎత్తిపోసేది ఆ రిజర్వాయర్ నీళ్ళే, పోతిరెడ్డిపాడు నుంచి తెలుగుగంగ ద్వారా కడప జిల్లాకు పోయేదీ అవే. నీళ్ళ కోసం ఇన్నేళ్ళు కొట్లాడిన సీమ ఇది.

కాబట్టి కార్పొరేషన్ వచ్చే బడ్జెట్లో కొత్త ట్యాంకర్లు కొంటామని చెప్పి రిబ్బన్ కట్ చేస్తే సరిపోదు, డీజిల్, టైర్లు, జీపీఎస్, పంపు రిపేర్లు, డ్రైవర్ జీతం అని నడిపే ఖర్చు వేరే పద్దులో చూపించాల, బయటి ట్యాంకర్లు ప్రతి నెలా ఎన్ని లోడ్లు ఎత్తాయో ప్లాంట్‌లో ఎన్ని దిగాయో రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి ఊరోళ్ళకు చూపించాల.