ఇచ్చిందెంత, పుచ్చుకున్నదెంత

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లంటే హెచ్‌వన్‌లు, ఎఫ్‌వన్‌లు, గ్రీన్‌కార్డు వరసలో నిలబడి జుట్టు నెరిసినవాళ్లు అనే మీకు తెలుసు. ఇంకో జాతి కూడా ఉంది, జేవన్ అనే వీసా మీద వచ్చిన పంతుళ్లు. మేం ఇక్కడికి ఉద్యోగానికి రాలేదు. 1961లో అమెరికా చేసుకున్న ఓ చట్టం ప్రకారం 'సాంస్కృతిక మార్పిడి' కోసం వచ్చిన అతిథులం. జీతం, ఏజెన్సీ ఫీజు కట్టడానికి చేసిన అప్పు, ఇవన్నీ ఆ మార్పిడిలో దొర్లే చిల్లర విషయాలు. మొదట మూడేళ్లు, బడివాళ్లు ముచ్చటపడితే ఇంకో రెండేళ్లు. ఆ పైన సంస్కృతి ఎంత మిగిలిపోయినా మూట కట్టుకుని పోవాల్సిందే. మళ్లీ రావాలంటే రెండేళ్లు ఈ దేశం బయట గడపాలి.

నేను అరిజోనాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో తొమ్మిదో తరగతికి ఆల్జీబ్రా చెబుతాను. లెక్కల మాస్టర్ని కాబట్టి ఇచ్చిందెంతో, పుచ్చుకున్నదెంతో పద్దు అప్పజెప్పడం నా ధర్మం.

లెక్కలో ఏది ముందు చెయ్యాలో చెప్పే మన బాడ్‌మాస్ ఇచ్చాను. అది పక్కన పెట్టి, అదే సూత్రానికి ఇక్కడి పేరు పెమ్‌డాస్ చేతిలో పెట్టారు. ఇంగ్లిష్ చివరి అక్షరాన్ని జెడ్ అని ఇస్తే జీ అన్నారు. బోర్డు మీద లక్ష రాసి మన పద్ధతిలో 1,00,000 అని కామా పెడితే, ముందు వరసలో పిల్ల "మిస్టర్ కే, మీ కామా జారిపోయింది" అని జాలిగా చెప్పింది. ఇన్నేళ్ల సర్వీసులో నా కామాను ఒక్కరూ వేలెత్తి చూపలేదు.

మొదటి టెస్టు పేపర్లు దిద్ది, మన ఆనవాయితీ ప్రకారం పెద్ద మార్కు నుంచి చిన్న మార్కు దాకా పేర్లతో సహా గట్టిగా చదివాను. మర్నాడు వైస్ ప్రిన్సిపాల్ గారు నవ్వుతూ పిలిచారు. ఇక్కడ నవ్వుతూ పిలిచారంటే కొంప మునిగినట్టే. 1974 నాటి చట్టం ఒకటి ఉందిట. పిల్లవాడి మార్కులు వాడికీ, వాళ్ల అమ్మానాన్నలకీ తప్ప పక్కవాడికి తెలియకూడదుట. అమ్మా, రిజల్ట్స్ రోజున పిల్లల మొహాలు ఫ్లెక్సీలెక్కి, టీవీలో ఓ గొంతు ఊపిరైనా తీసుకోకుండా "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు" అని పారాయణం చేసే చోటి నుంచి వచ్చానమ్మా అని చెబుదామనుకున్నాను. చెప్పలేదు. మార్పిడికి అన్ని సరుకులూ పనికిరావు.

పుచ్చుకున్నవాటిలో ఘనమైనది బాత్రూమ్ పాస్. అదొక చెక్కముక్క. పిల్లవాడు అది పట్టుకుని, టైము రాసి, దర్జాగా వెళ్లొస్తాడు. మాస్టారికి మాత్రం పాస్ లేదు, తరగతిని ఒంటరిగా వదిలి కదలకూడదు. పీరియడ్ల మధ్య నాలుగు నిమిషాలుంటాయి కదా అంటారేమో, ఆ నాలుగు నిమిషాలూ వరండాలో తలుపు దగ్గర నిలబడి వచ్చేవాళ్లకి గుడ్ మార్నింగ్ చెప్పాలి. గురువు సాక్షాత్తూ పరబ్రహ్మ అన్నారు. పరబ్రహ్మకు శరీర ధర్మాలుండవు. ఈ ఒక్క విషయంలో అమెరికా మన శ్లోకాన్ని అక్షరాలా పాటిస్తోంది.

మనవాళ్లతో మార్పిడి మరీ కష్టం. చాండ్లర్‌లో ఉగాది భోజనాల దగ్గర ఒకాయన, "మీరు ఏ క్లయింట్ దగ్గరండీ?" అన్నాడు.

"స్కూల్లోనండీ."

"స్కూల్ డిస్ట్రిక్ట్ ప్రాజెక్టా? డేటాబేసా?"

"కాదండీ. పిల్లలకి లెక్కలు చెబుతాను."

పులిహోర ప్లేటు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఏదో లేఆఫ్‌లో పోయి ఇలా తేలాననుకున్నట్టున్నాడు. కాసేపటికి తేరుకుని, వీకెండ్స్‌లో వాళ్ల బాబుకి ట్యూషన్ చెప్పమన్నాడు. వీసా ఒప్పుకోదండీ, మా బడి తప్ప ఇంకెవరి దగ్గరా డబ్బు పుచ్చుకోకూడదు అన్నాను.

"అయ్యో, డబ్బెవరిస్తానన్నారండీ. మనం మనం తెలుగువాళ్లం."

ఇక అసలు పద్దు. మా రూల్సు ప్రకారం ఏటా రెండు సాంస్కృతిక కార్యక్రమాలు చేసి రిపోర్టు పంపాలి. ఒకటి ఇక్కడి పిల్లలకు మన సంస్కృతి చూపించడం. చుక్కల ముగ్గుతో గట్టెక్కాను, సిమెట్రీ పాఠం కూడా అందులోనే కలిసొచ్చింది. రెండోది వీళ్లను బయటి దేశం పిల్లలతో మాట్లాడించడం. నేను ఇదివరకు పనిచేసిన రెసిడెన్షియల్ బడికి ఫోన్ చేశాను. "ఏ టైమైనా పర్లేదు సార్, పిల్లలు ఎక్కడికి పోతారు" అన్నారు. అరిజోనాలో ఎండాకాలానికీ చలికాలానికీ గడియారం జరిపే అలవాటు లేదు. ఏ నెలలోనైనా ఇక్కడ ఉదయం ఎనిమిదంటే మన దగ్గర రాత్రి ఎనిమిదిన్నర.

తెర మీద ట్యూబ్‌లైట్ వెలుతురులో అరవై మంది, అందరికీ యూనిఫాం, ఒళ్లో పుస్తకాలు. ఒక్కసారిగా లేచి "గుడ్ ఈవినింగ్ సా...ర్" అన్నారు. మావాళ్లు బిత్తరపోయి చేతులూపారు.

"అక్కడ ఇప్పుడు రాత్రి కదా, స్కూల్లో ఏం చేస్తున్నారు?" అంది కామా పిల్ల.

"స్టడీ అవర్."

"ఎప్పటిదాకా?"

"పది."

గది నిశ్శబ్దమైపోయింది. ఈ దేశంలో బెల్లయ్యాక బడిలో కూర్చోబెట్టడాన్ని డిటెన్షన్ అంటారు, అది శిక్ష. వారానికి రెండుసార్లు ఆ శిక్ష అనుభవించే వెనక వరస కుర్రాడు, అనుభవజ్ఞుడి గంభీరతతో అడిగాడు. "ఇంతమందీ ఏం చేశారు?"

"ఏమీ చేయలేదు. పదో తరగతి."

అటువైపు నుంచి ఒకడు, మీకు బడి ఎన్నింటికి వదులుతారని అడిగాడు. మూడింటికి, తర్వాత ఫుట్‌బాల్ అని మావాళ్లు కోరస్‌గా చెప్పారు. వాడు ఒకసారి వెనక్కి తిరిగి వార్డెన్ వైపు చూసి కూర్చున్నాడు. ఈ ఘట్టాన్ని రిపోర్టులో 'ఇరుదేశాల విద్యార్థులు సమయపాలనపై అభిప్రాయాలు పంచుకున్నారు' అని రాశాను.

కాల్ ఆగాక వెనక వరస కుర్రాడు నా టేబుల్ దగ్గరికొచ్చాడు.

"మిస్టర్ కే, ఇదివరకు వాళ్ల టీచర్ మీరేనా?"

"అవును."

"అయితే రాత్రి పది దాకా కూర్చోబెట్టింది..."

బెల్ మోగింది. నేను వరండాలోకి వెళ్లి, తలుపు దగ్గర నిలబడి, వచ్చేవాళ్లకి గుడ్ మార్నింగ్ చెప్పడం మొదలుపెట్టాను.