యేసు పేరులో జియస్ లేడు

వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది. ‘యేసు అన్న పేరు గ్రీకు దేవుడు జియస్ నుంచి వచ్చింది. అసలు పేరు యహ్‌షువా. గ్రీకులు, రోమన్లు దాన్ని తీసేసి తమ దేవుడి పేరు పెట్టారు. 500 ఏళ్ల కిందట జె అక్షరమే లేదు, కాబట్టి జీసస్ అన్న పేరే అబద్ధం. ఆ పేరుతో చేసే ప్రార్థన దేవుడు వినడు’ అని దాని సారాంశం. ఇది చదివి, ఇన్నాళ్లూ తప్పు పేరుతో మొరపెట్టుకున్నామా అని నిజంగా బెంగపెట్టుకున్న పెద్దవాళ్లను చూశాను. అందుకే దీనికి జవాబు చెప్పి తీరాలి.

ముందుగా, పేరు మార్చింది గ్రీకులన్న మాట. అది తప్పు. ఆ పేరును గ్రీకులో రాసింది యూదులే, అదీ క్రీస్తు పుట్టకముందే. హెబ్రీలో పాత రూపం యెహోషువ. బబులోను చెర తర్వాత అదే పేరు పొట్టిదై యేషూవ అయింది. ఒకే ప్రధాన యాజకుణ్ణి హగ్గయి గ్రంథం యెహోషువ అంటే, ఎజ్రా గ్రంథం యేషూవ అంటుంది. క్రీ.పూ. 3వ శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా యూదులు తమ లేఖనాలను గ్రీకులోకి మార్చడం మొదలుపెట్టారు. ఆ అనువాదంలో నూను కుమారుడైన యెహోషువ పేరు ‘ఇయేసూస్’ అని ఉంది. గ్రీకులో ‘ష’ లేదు కాబట్టి ‘స’ వచ్చింది. హెబ్రీ పేరు చివర గొంతులో పలికే హల్లుకు గ్రీకులో అక్షరమే లేదు, అది పోయింది. మగవాళ్ల పేర్ల చివర విభక్తి కోసం ‘స్’ చేరడం మామూలే: యోనా ‘యోనాస్’ అయ్యాడు, యూదా ‘యూదాస్’ అయ్యాడు. ‘యేసు యొక్క’ అనాల్సినచోట ఆ ‘స్’ ఉండదు, ‘ఇయేసూ’ అనే రాస్తారు.

ఇక్కడ ఒక మనిషిని గుర్తుచేయాలి. కతోలిక బైబిల్లో ఉండే సీరా జ్ఞానగ్రంథాన్ని హెబ్రీ నుంచి గ్రీకులోకి మార్చింది ఆ రచయిత మనవడే. క్రీ.పూ. 132 ప్రాంతంలో ఈజిప్టుకు వచ్చానని ముందుమాటలో తనే చెప్పుకున్నాడు. అందులో తాతగారి పేరు ‘ఇయేసూస్’ అనే రాశాడు. అంతకు 35 ఏళ్ల ముందే, క్రీ.పూ. 167లో, యూదులను ఏలుతున్న గ్రీకు రాజు అంతియొకస్ యెరూషలేము దేవాలయంలో జియస్ పూజ పెట్టించాడు. యూదులు దాని మీద తిరగబడి ప్రాణాలిచ్చారు. ఆ గాయం పచ్చిగా ఉన్న రోజుల్లో భక్తిగల ఒక యూదుడు సొంత తాతకు జియస్ పేరు తగిలిస్తాడా?

జియస్ సంగతి కొస్తే, ఆ రెండు పేర్లు మనకు వినడానికి కాస్త దగ్గరగా ఉన్నాయంతే. గ్రీకులో అక్షరాలు వేరు, విభక్తి రూపాలు వేరు. జియస్‌ను ద్వితీయలో ‘దియా’ అంటారు, షష్ఠిలో ‘దియోస్’. మన సంస్కృతంలో ఆకాశమనే అర్థమున్న ‘ద్యౌః’కు ఆ పేరు చుట్టం. అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయం తీసి చూడండి. లుస్త్ర ఊరివాళ్లు బర్నబాను ‘ద్యుపతి’ అన్నారని మన తెలుగు బైబిల్లో ఉంది. గ్రీకు మూలంలో అక్కడున్నది జియస్ పేరే. ఆ మాట విని బర్నబా, పౌలు బట్టలు చింపుకున్నారు. తాము ప్రకటించే పేరులోనే జియస్ ఉంటే అంత ఆవేదన ఎందుకు పడతారు?

జె అక్షరం గురించి చెప్పింది మాత్రం సగం నిజం. ఐ, జె వేర్వేరు అక్షరాలని ఇటలీ పండితుడు త్రిస్సీనో 1524లో ప్రతిపాదించాడు. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో కూడా ఐ అక్షరంతోనే ఆ పేరు అచ్చయింది. అయితే అక్షరం కొత్తదైతే పేరు కొత్తదైపోదు. పైగా తెలుగులో మనం అనేది యేసు. ఇందులో ‘జ’ ఎక్కడుంది?

‘యహ్‌షువా’ అసలు రూపమన్నదీ నిలబడదు. హెబ్రీ బైబిల్ ప్రతుల్లో ఉన్నవి యెహోషువ, యేషూవ. యెరూషలేము చుట్టుపక్కల దొరికిన 1వ శతాబ్దపు పెట్టెల మీద, అంటే చనిపోయినవాళ్ల ఎముకలు దాచే పెట్టెల మీద కూడా ఈ పేరు కనబడుతుంది, ఎందుకంటే అప్పట్లో అది బాగా వాడుకలో ఉన్న పేరు. ‘యహ్‌షువా’ అన్నది 20వ శతాబ్దంలో కొన్ని బోధల ద్వారా ప్రచారంలోకి వచ్చిన రూపం.

ఇక ప్రార్థన వినడన్న బెదిరింపు. సిలువ మీది పలకను హెబ్రీ, లాటిన్, గ్రీకు మూడు భాషల్లో రాశారని యోహాను సువార్త చెబుతుంది. పౌలు హెబ్రీ బాగా వచ్చినవాడై ఉండి కూడా తన పత్రికలన్నిటిలో ‘ఇయేసూస్’ అనే రాశాడు. అరబ్ క్రైస్తవులు ‘యసూ’ అంటారు, సిరియాక్ సంప్రదాయంలోని కేరళ క్రైస్తవులు ‘ఈశో’ అంటారు. వీళ్లందరి ప్రార్థనలూ వృథా అని చెప్పే ధైర్యం ఆ సందేశం రాసినవాళ్లకు ఏ వాక్యం ఇచ్చిందో చూపించాలి.