డిస్క్ అరగదట, లేత్ పట్టిస్తే కొత్తదైపోతుందట!

కారు బ్రేకుల గురించిన ఒక ఫార్వర్డ్ మెసేజ్ నాకు రావడం ఈ నెలలో ఇది నాలుగోసారి. మొదట మా మారతహళ్ళి అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళ గ్రూపులో వచ్చింది. తర్వాత ఆఫీసు కార్‌పూల్ గ్రూపులో. ఆ తర్వాత మా తోడల్లుడు పంపాడు. నిన్న రాత్రి చిత్తూరు నుంచి మా మేనమామ పంపి, "ఒరే, నీ బండికి పనికొస్తుంది చూడు" అని ఫోన్ కూడా చేశాడు. పైన "ముప్పై ఏళ్ళ మెకానిక్ చెప్పిన బ్రేకు రహస్యాలు" అని పెద్దక్షరాల్లో, కింద "ఏడు సీట్ల బండి ఉన్న ప్రతి ఒక్కరికీ పంపండి" అని దండం పెట్టిన బొమ్మ.

చూడనివాళ్ళ కోసం అందులో ఉన్నదంతా ఇదీ. (డిస్క్ అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళెం, ప్యాడ్లంటే బ్రేకు తొక్కితే దాన్ని రెండు పక్కలా నొక్కి పట్టుకునే దిమ్మలు.) బరువు బండికి అన్నిటికన్నా గట్టి ప్యాడ్లు వెయ్యాలి, లక్ష కిలోమీటర్లు వస్తాయి. సెరామిక్ అయితే ఇంకా మంచిది, రేసు కార్లకు వాడేది అదే. చిల్లులున్న డిస్కులు ఘాట్లలో వేడెక్కవు. మామూలు డిస్కులు జీవితాంతం ఉంటాయి, బ్రేకు కొడితే స్టీరింగ్ వణికిందంటే డిస్క్ వంగినట్టు, లేత్ పట్టిస్తే (అంటే యంత్రం మీద పైపొర చెక్కిస్తే) మళ్ళీ కొత్తదే, మార్చమనేవాడు దొంగ. ఏ పక్క అరిగితే ఆ పక్క ప్యాడ్లు మారిస్తే చాలు. ఏబీఎస్ ఉంటే ఏ ప్యాడైనా ఒకటే. ఎర్ర రంగు ప్యాడే ఒరిజినల్. ప్రయాణానికి ముందురోజు కొత్త ప్యాడ్లు వేయించుకుని బయల్దేరండి.

సెలవులొస్తున్నాయి. మా గ్రూపులో సగం మంది పిల్లల్నీ పెద్దవాళ్ళనీ ఎక్కించుకుని తిరుపతి పోయేవాళ్ళే. వీళ్ళలో ఒక్కరు ఇది నమ్మి బెంగళూరులో బండి విడిభాగాలు దొరికే జేసీ రోడ్డుకు వెళ్ళినా నాకు నిద్రపట్టదు. అందుకే రాస్తున్నాను.

రంగు సంగతి ఒక్క మాట. రంగు అంటే రంగే, ఏ కంపెనీ ఇష్టం ఆ కంపెనీది. దాని గురించి ఇంకేం లేదు.

ఒక పక్కే మార్చడం: వద్దు. ముందు రెండు చక్రాలకూ కలిపే మార్చాలి. లేకపోతే గట్టిగా తొక్కినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. అసలు ఒక పక్కే ఎందుకు అరిగిందని అడగాలి కదా! చాలాసార్లు ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికుండే స్లైడ్ పిన్ను తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంటుంది. పిన్ను తీసి శుభ్రం చేసి, వేడికి కరగని గ్రీజు పెట్టకుండా ఎన్ని ప్యాడ్లు మార్చినా మళ్ళీ ఆ పక్కే అరుగుతుంది.

ఏబీఎస్: అది చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది, స్టీరింగ్ మన చేతిలో ఉండేలా చేస్తుంది. అంతే. ప్యాడ్‌లో లేని పట్టును అది ఎక్కణ్ణుంచి తెస్తుంది? చక్రాన్ని బిగించేంత రాపిడి కూడా ప్యాడ్ పుట్టించలేకపోతే ఏబీఎస్‌కు చెయ్యడానికి పనే ఉండదు.

ఇక గట్టి ప్యాడ్ల మాట. గట్టిదనం వేరు, పట్టు వేరు. ప్యాడ్ పని ఎక్కువకాలం బతకడం కాదు, డిస్క్‌ని పట్టుకోవడం. బరువు లెక్క ఒకసారి చూడండి. ఏడుగురు, సామాన్లు కలిపి బండి 2,400 కిలోలు అనుకుందాం. 80 వేగంలో దానికుండే శక్తి దాదాపు 5.9 లక్షల జౌళ్ళు. 40లో ఉంటే దాంట్లో నాలుగో వంతే. ఆపిన ప్రతిసారీ ఆ శక్తంతా వేడిగా మారి ప్యాడ్ల మధ్యా డిస్కుల మీదా పడుతుంది. అందులో ఎక్కువ భాగం ముందు చక్రాలదే. కాబట్టి దుకాణంలో అడగాల్సింది "ఎన్ని కిలోమీటర్లు వస్తుంది" అని కాదు, "వేడెక్కినా పట్టు నిలుస్తుందా" అని.

కొన్ని ప్యాడ్ల వెనకపక్క అంచున రెండు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా కాలినప్పటి పట్టు. E అంటే పట్టు (రాపిడి గుణకం) 0.25 నుంచి 0.35, F అంటే 0.35 నుంచి 0.45, G అంటే 0.45 నుంచి 0.55. మొదటి అక్షరం కన్నా రెండోది తక్కువ రకమైతే, అది వేడికి జారిపోయే ప్యాడ్. అలాగని దొరికినంత పై అక్షరం వెతుక్కోనక్కర్లేదు. బండి తయారైనప్పుడు వేసినదానికి దగ్గరగా ఉంటే చాలు, వెనక బ్రేకులతో పొత్తు దాన్నిబట్టే కుదిర్చి ఉంటారు. లోహం ఎక్కువ కలిసిన ప్యాడ్లు వేడిని బాగానే తట్టుకుంటాయి. కానీ డిస్క్‌ని తినేస్తాయి, తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు కొంచెం ఆలస్యంగా పట్టుకుంటాయి, కీచుమంటాయి. మెసేజ్ రాసిన మనిషి ఇందులో ఒక్కటీ చెప్పలేదు.

సెరామిక్ దగ్గర రెండు వేర్వేరు వస్తువుల్ని ఒకటి చేసేశారు. ఖరీదైన స్పోర్ట్స్ కార్లకు ఉండేవి కార్బన్ సెరామిక్ డిస్కులు. మనకు పెట్టెలో దొరికేవి సెరామిక్ పీచు కలిపిన ప్యాడ్లు. ఆ డిస్కుకూ ఈ ప్యాడుకూ పేరొక్కటే చుట్టరికం. ఈ ప్యాడ్లు మంచివే. చప్పుడుండదు, చక్రాలకు నల్లపొడి తక్కువ. రోజూ సిల్క్ బోర్డు జంక్షన్ దగ్గర ఆగుతూ కదులుతూ పోయేవాళ్ళకు హాయి. నిండు బండితో కొండ దిగేవాళ్ళు మాత్రం పెట్టె మీద సెరామిక్ అన్న మాట చూసి కాదు, తమ బండి మోడల్‌కు కంపెనీ ఇచ్చిన ప్యాడ్ అవునా కాదా చూసి కొనాలి.

చిల్లుల డిస్కులు చూడ్డానికి బాగుంటాయి. చిల్లు పెట్టారంటే అక్కడ ఇనుము తీసేశారని. వేడిని మోసేది ఆ ఇనుమే. పైగా పదేపదే కాగి చల్లారితే చిల్లుల అంచుల నుంచే బీటలు మొదలవుతాయి. మన బండ్లకు వచ్చే డిస్కుల్లోనే రెండు పలకల మధ్య గాలి సందులున్నాయి. చక్రం తిరుగుతుంటే మధ్య నుంచి గాలిని పీల్చి బయటికి నెడతాయి. అవి చాలు.

అసలు కోపం నాకు నాలుగో మాట మీద. "డిస్కులు జీవితాంతం ఉంటాయి, లేత్ పట్టించండి." ఇది రాసిన వేలికి, పంపిన వేళ్ళకు ఏమనాలో నాకు తెలియట్లేదు.

మూడేళ్ళ కిందట బ్రేకు కొడితే మా బండి స్టీరింగ్ వణికేది. ఇంటి దగ్గర ఒక వర్క్‌షాపులో చూపిస్తే "డిస్క్ వంగింది సార్, లేత్ పట్టిస్తే సరిపోతుంది, డిస్కులెందుకు దండగ" అన్నారు. నేనూ సంతోషించాను. డిస్కులు అద్దంలా మెరుస్తూ తిరిగొచ్చాయి. కొలిచారా అని నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. ఆరు నెలలకు అమ్మ, అత్తయ్య, మామయ్య, పిల్లలిద్దరితో తిరుమల వెళ్ళాం. దర్శనం బాగా జరిగింది. దిగేది 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు. మలుపు మీద మలుపు. ముందు బస్సు, వెనక జీపు. నేను థర్డ్ గేర్‌లో, కాలు బ్రేకు మీదే పెట్టి దిగుతున్నాను. సగం దాటాక ఏదో కాలిన వాసన. అత్తయ్య "ఎవరో టైర్లు కాలుస్తున్నట్టున్నారు" అంది. తర్వాతి మలుపులో పెడల్ తొక్కితే రాయిలా గట్టిగా ఉంది, కానీ బండి తగ్గట్లేదు. ఇంకా గట్టిగా తొక్కాను. తగ్గట్లేదు. సెకండ్‌లోకి దించి, హ్యాండ్‌బ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ, కొండ పక్కన కొంచెం ఖాళీ కనిపిస్తే అక్కడ ఆపాను. అమ్మ గోవిందా గోవిందా అంటూనే ఉంది, ఆమెకు ఏం జరిగిందో తెలియదు. దిగి చూస్తే ముందు డిస్కులు నీలంగా తిరిగి ఉన్నాయి. ముప్పావుగంట అక్కడే కూర్చుని, తర్వాత మొదటి, రెండో గేర్లలోనే దిగాం.

తప్పు సగం నాదే. అలా కాలు మీదపెట్టి దిగకూడదు. ఎందుకో ఆ తర్వాత లెక్కేసుకున్నాను. తిరుమల నుంచి తిరుపతికి సుమారు 700 మీటర్ల దిగుడు. 2,400 కిలోల బండి అంత కిందికి దిగితే వదిలే శక్తి కోటీ 65 లక్షల జౌళ్ళు. 80లో వెళ్ళే బండిని ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది సార్లు వరసగా ఆపినంత. తక్కువ గేరులో ఇంజన్ మీద వెయ్యాల్సిన ఆ భారమంతా నేను డిస్కుల మీద వేశాను. మిగతా సగం తప్పు ఆ డిస్కులది.

బెంగళూరు వచ్చాక జేసీ రోడ్డులో తెలిసిన మెకానిక్ అన్న దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చక్రం ఊడదీసి, డిస్క్ మధ్య గిన్నెభాగం మీద తుప్పును బ్రష్షుతో గీకి, "చదువు సార్" అన్నాడు. పోతపోసిన అక్షరాల్లో మినిమం 26 అని ఉంది. డిస్క్ మందం 26 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే పారెయ్యాలని అర్థం. మైక్రోమీటర్ పెట్టి తిప్పాడు: 24.8. రెండో పక్క 24.9. ఇంతకాలం ఆ అంకె నా చక్రం వెనకాలే ఉంది, ఎవరూ చదవలేదు.

"మిల్లీమీటరే కదా" అనేవాళ్ళకు ఆయన చెప్పిందే చెబుతాను. 28 మిల్లీమీటర్ల కొత్త డిస్క్ అంటే 28 మిల్లీమీటర్ల ఇనుము కాదు. మధ్యలో గాలి సందు పోను రెండు పలకల్లో కలిపి సగానికి కాస్త ఎక్కువ. అందులో మూడు మిల్లీమీటర్లు పోతే వేడి మోసే ఇనుములో దాదాపు ఐదో వంతు పోయినట్టు. ప్యాడ్ రాపిడి పుట్టిస్తుంది, వేడిని దాచుకుని గాలికి వదిలేది డిస్క్. అది పల్చబడితే అదే దిగుడులో ఇంకా త్వరగా, ఇంకా ఎక్కువ కాలుతుంది, ప్యాడ్ పట్టు చచ్చిపోతుంది. పైగా డిస్కూ ప్యాడూ రెండూ అరిగి ఉంటే ప్యాడ్‌ని నెట్టే పిస్టన్ తాను రావాల్సిన దానికన్నా బయటికి వచ్చేస్తుంది.

వణుకు మాటకొస్తే, డిస్క్ చాలాసార్లు వంగనే వంగదు. కొత్త డిస్క్ వేసేటప్పుడు, అది కూర్చునే హబ్ మీద తుప్పు పొర తుడవకపోతే డిస్క్ వంకరగా కూర్చుంటుంది. చాలా బండ్లకు 0.05 మిల్లీమీటర్ దాటి ఊగకూడదని లెక్క, ఒక తుప్పు పెచ్చు చాలు అది దాటడానికి. లేదా కాలి ఉన్న బ్రేకును సిగ్నల్ దగ్గర అలాగే తొక్కిపట్టి ఉంచితే ప్యాడ్ మసాలా డిస్క్‌కు ఒకచోట అంటుకుంటుంది. చక్రం నట్లు ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ బిగించినా అంతే. ఇవేవీ చూడకుండా లేత్ పట్టిస్తే కొన్నాళ్ళకు మళ్ళీ వణుకుతుంది, మళ్ళీ లేత్, మళ్ళీ పల్చన. లేత్ పట్టించడమే తప్పని నేననను. పట్టించాక కూడా ఆ మినిమం కన్నా బాగా ఎక్కువ మిగిలితే పట్టించుకోవచ్చు. కొలవకుండా పట్టించడం మాత్రం ప్రాణాలతో చెలగాటం.

"మార్చమనేవాడు దొంగ" అన్న మాట వెనకున్న కోపంతో మాత్రం నాకు పేచీ లేదు. ఉండాలనుకున్నాను, లేదు. ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ డిస్కులు కూడా మార్చాలని బిల్లు చేతిలో పెట్టే సర్వీసు సెంటర్లున్నాయి. మా చెల్లెలి బండికి 35 వేల కిలోమీటర్లకే డిస్కులు మార్చేశారు. పాతవి అడిగి తెచ్చి కొలిస్తే మినిమం కన్నా ఇంకా ఒకటిన్నర మిల్లీమీటరు ఎక్కువే ఉంది. ఆ కోపం న్యాయమైనదే. కంపెనీ పెట్టెలోదే కొనాలని కూడా లేదు. రానే, బాష్, బ్రెంబో లాంటివాళ్ళవి మీ మోడల్ నంబరుతో, బిల్లుతో, నమ్మకమైన దుకాణంలో కొంటే చాలు. నకిలీ పెట్టెలున్నాయి కాబట్టి బిల్లు లేకుండా కొనకండి. దొంగను పట్టుకోవాలన్నా, దొంగ కానివాణ్ణి నమ్మాలన్నా దారి ఒకటే: కొలవమనడం.

ఇంత పొడుగు మెసేజ్‌లో బ్రేక్ ఆయిల్ ఊసే లేదు. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. గాలిలో తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు పడిపోతుంది. మరిగితే పెడల్ నేలకు దిగిపోతుంది. రెండేళ్ళకోసారి మార్పించండి.

చివరిది, ప్రయాణానికి ముందురోజు ప్యాడ్లు వేయించడం. కొత్త ప్యాడ్ డిస్క్ మీద ఇంకా సరిగా కూర్చోదు. ఆ మెకానిక్ అన్న దగ్గర వేయించాక, అవి కూర్చోవడానికి నేను ఆదివారం పొద్దున ఐదింటికి ఎయిర్‌పోర్ట్ రోడ్డు పక్క సర్వీసు రోడ్డులో, వెనక ఎవరూ లేకుండా చూసుకుని, 60 నుంచి 15కు నెమ్మదిగా ఎనిమిది, పది సార్లు తగ్గించాను. పూర్తిగా ఆపలేదు. తర్వాత బ్రేకు వాడకుండా పది నిమిషాలు నడిపి చల్లార్చాను. ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు ఈ పని చేసుకుంటే, ఏదైనా తేడా ఉంటే ఊళ్ళోనే తెలుస్తుంది.

డిస్క్ మందం కొలవడానికి వెర్నియర్ (దవడలుండే కొలత స్కేలు) ఉన్నా చాలు, కానీ నేరుగా పెట్టకండి. డిస్క్ అంచున అరగని గట్టు ఉంటుంది, దవడలు దాని మీద కూర్చుంటే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. రెండు రూపాయి బిళ్ళల మందం ముందే కొలుచుకుని, డిస్క్‌కు అటొకటి ఇటొకటి పెట్టి, వాటి మీద నుంచి కొలిచి, ఆ మందం తీసెయ్యండి. నా దగ్గర వెర్నియర్, జాకీ రెండూ ఉన్నాయి. వచ్చే ఆదివారం ఏడు నుంచి పది దాకా రెండో బేస్‌మెంట్‌లో ఉంటాను. తిరుపతి వెళ్ళేవాళ్ళు ముందు రండి.