‘వెళ్ళివస్తాను’ అన్న మాట ఏది?

వివిధ భాషల పలకరింపులను ఒకచోట చేర్చిన ఈ వ్యాసం ఇష్టంగా చదివాను. అయితే తెలుగులో సెలవు తీసుకునే మాటగా ‘వీడ్కోలు’ అని ఇవ్వడం మనసుకు నచ్చలేదు. వీడ్కోలు అనేది సాగనంపేవారు ఇచ్చేది. గడప దాటుతూ ఎవరైనా ‘వీడ్కోలు’ అంటారా? ‘వెళ్ళివస్తాను’ అంటాం. చిన్నప్పుడు పొరపాటున ‘వెళ్తాను’ అంటే మా నాయనమ్మ వెనక్కి పిలిచి, మాట దిద్ది గాని పంపేది కాదు.

ఈ పట్టింపు మన ఒక్కరిదే కాదని విశాఖపట్నం వచ్చాక తెలిసింది. ఉక్కునగరంలో మా పక్కింటి బెంగాలీ ఆవిడ బయలుదేరుతూ ‘ఆషి’ అనేవారు. అంటే ‘వస్తాను’ అని! వెళ్తూ వస్తానంటారేమిటని మొదట్లో తికమకపడ్డాను. సింహాచలం దర్శనానికి వచ్చే మా ఒడియా స్నేహితులు కూడా అదే అర్థంతో ‘ఆసుచి’ అంటారు. తమిళుల ‘పోయిట్టు వరేన్’ సరేసరి. అంత దూరాన జపాన్‌లోనూ ఇల్లు దాటేటప్పుడు అనే ‘ఇత్తెకిమాసు’కు వెళ్ళివస్తాననే అర్థం.

కృతజ్ఞతకు ‘ధన్యవాదాలు’ అని రాశారు. సభల్లో, ఉత్తరాల్లో అది సరే. అన్నం పెట్టిన అమ్మకు ఆ మాట చెబితే మాత్రం, పరాయిదానిలా చూస్తున్నావా అని నొచ్చుకుంటుంది.

రచయిత గారూ, దయచేసి ఆ ‘వీడ్కోలు’ తీసి ‘వెళ్ళివస్తాను’ చేర్చండి. పెద్దలతో అయితే ‘వెళ్ళివస్తానండీ’ అనాలని కూడా రాయండి.