సవరణ: బార్లలో మహిళల ఉద్యోగాలపై నిషేధం గురించి

‘లైసెన్సున్న మద్యం వ్యాపారంలో మహిళలను పెట్టుకోకూడదు’ అన్న మా పాత టపా వాక్యాన్ని తొలగించాం. ఆ వాక్యానికి ఆధారం 1914 నాటి పంజాబ్ ఎక్సైజ్ చట్టంలోని 30వ సెక్షన్. ఢిల్లీలోనూ అదే అమలయ్యేది.

ఆ సెక్షన్ పరిధి మొదటినుంచీ చిన్నదే. అక్కడే కూర్చుని తాగే లైసెన్సుకే అది వర్తించేది, సీసా కొనుక్కుపోయే దుకాణానికి కాదు. అదీ వ్యాపార వేళల్లో, జనం తాగే భాగంలో మాత్రమే. ఆఫీసు గదిలో లెక్కలు చూసే ఉద్యోగిని దాని కిందికి వచ్చేవారు కాదు. కానీ ‘జీతం ఉన్నా లేకున్నా’ అని రాసి ఉంది కాబట్టి, ఊరికే సాయం చేసే యజమాని భార్య వచ్చేవారు! ఈ మెలిక చాలామంది చూడరు.

మహిళలపై ఆ నిషేధం ఇప్పుడు చెల్లదు. ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. 2007 డిసెంబరులో అనుజ్ గర్గ్ కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. రక్షణ పేరుతో ఉపాధిని తీసేయడం కుదరదని, భద్రత కల్పించాల్సింది ప్రభుత్వమేనని తేల్చింది.

వయసు సంగతి వేరు. తాగడానికి ఉన్న కనీస వయసునే పనికీ లెక్కేయకండి. మీ రాష్ట్ర ఎక్సైజ్ చట్టం, లైసెన్సు షరతులు రెండూ చూసి, వయసు రుజువు నకలు తీసుకున్నాకే పనిలో పెట్టుకోండి.