సవరణ: కేంబ్రిడ్జిలో స్త్రీలకు పట్టాలు 1920లో కాదు, 1948లో

పాతకాలపు స్నాతకోత్సవాల గురించి నేను రాసిన పోస్టులో ఒక పెద్ద తప్పు దొర్లింది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి రెండూ 1920లోనే స్త్రీలకు పట్టాలు ఇవ్వడం మొదలుపెట్టాయని రాశాను. ఆ ఏడాది అక్టోబరులో ఇచ్చింది ఆక్స్‌ఫర్డ్ ఒక్కటే. కేంబ్రిడ్జి స్త్రీలను పూర్తి సభ్యులుగా ఒప్పుకున్నది 1948లో. రెంటినీ ఒకే గాటన కట్టేసినందుకు పాఠకులు మన్నించాలి.

ఇది తారీఖు తేడా మాత్రమే కాదు. 1921లో కేంబ్రిడ్జిలో స్త్రీలను పూర్తి సభ్యులుగా చేర్చుకోవాలన్న ప్రతిపాదన ఓటుకు వచ్చి ఓడిపోయింది. బి.ఏ. అన్న పేరు పెట్టుకోనిచ్చారు గానీ, విశ్వవిద్యాలయ పాలనలో ఓటు మాత్రం ఇవ్వలేదు. ఆ రోజు గెలిచిన సంబరంలో మగ విద్యార్థులు న్యూన్‌హామ్ మహిళా కళాశాల మీదికి వెళ్లి, ఒక తోపుడుబండితో దాని కంచు గేట్లను గుద్ది పాడుచేశారు. ఆ గేట్లు కళాశాల మొదటి ప్రిన్సిపాల్ ఆన్ క్లఫ్ జ్ఞాపకార్థం పెట్టినవి. నాకైతే ఇది చదివినప్పుడు మనసు చివుక్కుమంది.

ఇంకొకటి కూడా ఆ పోస్టులో వదిలేశాను. 1904 నుంచి 1907 వరకు, ఆక్స్‌ఫర్డ్‌లోనో కేంబ్రిడ్జిలోనో చదివి పరీక్షలు నెగ్గిన దాదాపు 700 మంది స్త్రీలు ఓడెక్కి ఐర్లండ్‌లోని డబ్లిన్ వెళ్లి, ట్రినిటీ కళాశాలలో పట్టాలు తీసుకున్నారు. అందుకే వాళ్లకు ‘స్టీమ్‌బోట్ లేడీస్’ (ఆవిరి ఓడ మహిళలు) అని పేరొచ్చింది. చదువు ఒకచోట, గౌను వేసుకున్నది సముద్రం అవతల. పాత పోస్టులో 1920 గురించిన వాక్యం దిద్దాను.